కాశీయాత్రాచరిత్ర: యాత్రికుని దృష్టి

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్రను మెచ్చుకొనువారు సాధారణముగా ఆ గ్రంథకర్త సత్యసంధతను ముందుగా పేర్కొందురు. ఉన్నది ఉన్నట్లు వ్రాసెనని వారి ప్రశంస. ఈ ప్రశంసను మేము కాదనము. కాని ఎవరికి ఉన్నట్లు, ఎచ్చటనుండి చూచినపుడు ఉన్నట్లు అను ప్రశ్న ఇందు మిగిలియున్నది. ఆ ప్రశ్నకు సమాధానము గ్రంథములోనే దొరకుననియు, యాత్రారచనగా దాని నిజాయితీ అచ్చటనే వెదకదగినదనియు మా తలంపు.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండినవారు. 1830 మే 18వ తేదీ రాత్రి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురము, జబ్బల్పూరుల మీదుగా ప్రయాగ, కాశీ, గయలను సేవించి, కలకత్తా, పూరీ మార్గమున 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వెంట సుమారు నూరుమంది పరివారము. దారిపొడుగునను వ్రాసిన దినచర్యను మిత్రుడగు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. గ్రంథకర్త 1836లో గతించిన పిదప, 1838లో పిళ్ళగారే దానిని అచ్చువేయించిరి.

కాశికని ఇల్లు విడిచిన ఈ యాత్రికుడు మొదటి రాత్రి చేరినది తండయారువీటిలోని తన తోటను. యాత్రకు ఇంతకంటె సాదా యైన ప్రారంభ ముండదు. క్షేత్రమాహాత్మ్యములకు అలవడిన పాఠకునికి ఇది కొంత వింతగా తోచును. శ్రీనాథుని కాశీఖండమును తలచుకొన్నచో భేదము స్పష్టము. స్కాందపురాణమునుండి తెనుగైన ఆ కావ్యమున కాశి ఫలప్రదమైన నగరము. అందలి ప్రతి ఘట్టమునకు, ప్రతి లింగమునకు ఒక మహిమ కలదు. దానిని చూచువానికి కాళ్ళు నొవ్వవు, ఆకలి కాదు. అది లోపము కాదు, ఆ ప్రక్రియాధర్మమే అట్టిది. శ్రీనాథుని పేర ప్రచారములో నున్న పలనాటి చాటువుల సంగతి వేరు. వాని కర్తృత్వమును గూర్చి వాదము లుండవచ్చును గాని, సన్నబియ్యమునకు అలవాటుపడిన నోరు జొన్నకూటిని ఎట్లు నిందించునో అవి దాచలేదు. అందు పలనాడెంత కనిపించునో, తినువాడును అంతయే కనిపించును. యాత్రాచరిత్రకు పూర్వరూపమును మేము కాశీఖండమునకంటె ఈ చాటువులలోనే చూచుచున్నాము.

వీరాస్వామయ్యగారి ఆకలి ఒక్కనిది కాదు, నూరుమందిది. ఏ మజిలీ చేరినను వారు ముందుగా చూచునవి అంగళ్ళు, నీటివసతి, దిగుటకు స్థలము, దారి తీరు. ఊరు గొప్పదా చిన్నదా యను నిర్ణయము ఈ కొలతతోనే జరుగును. కుంఫిణీ అధికారులును ఊళ్ళను, ఇండ్లను లెక్కించిరి. కాని వారి లెక్క శిస్తుకొరకు. వీరి లెక్క రాత్రి వంటకొరకు. కావున ఒక గ్రామమున సామగ్రి దొరకదని వీరు వ్రాసినచోట, ఆ గ్రామస్థులు దరిద్రులని చరిత్రకారుడు తీర్మానించుట తొందరపాటు. తన ప్రజకు చాలినంత ధాన్యము గల పల్లె కూడ, నూరుమంది ఒక్కసారి దిగినప్పుడు చేతులెత్తవచ్చును. ఈ గ్రంథమును ఆర్థికచరిత్రకు సాక్ష్యముగా ఉదాహరించువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలయునని మా మనవి.

భాష విషయమునను ఇట్లే. వ్యావహారికమునకు హిందూస్తానీ మాటలు, కచ్చేరీ మాటలు కలిసిన ఈ వచనమును గ్రాంథికాభిమానులు మెచ్చకపోవుటలో ఆశ్చర్యము లేదు. కాని 'బస్తీ' అను మాటను తీసి 'పురము' అని దిద్దిచూడుడు. పురమునకు ప్రాకారములు, సౌధములు, ఉద్యానములు వచ్చి చేరును, బియ్యపుటంగడి మాయమగును. అన్యదేశ్యమే ఇచ్చట కంటికి దగ్గర.

కుంఫిణీ పాలనపట్ల వీరికి గల ఆదరమును కొందరు ముఖస్తుతిగా భావించవచ్చును. మేమట్లు తలపము. ఆంగ్లేయుల న్యాయస్థానమున జీవనము గడిపినవానికి, దూరదేశమున దొంగభయము లేని దారి గొప్ప మేలుగా తోచుట సహజము. ఆ మేలునకు రైతు చెల్లించిన వెల ఎంతయో ఆ దారిని పోవువానికి అంత సులభముగా కానరాదు. దృష్టిలోని ఈ కొరత వాస్తవమే. అయితే వీరు తమ కొలువును దాచి, తటస్థుని వేషము ధరింపలేదు. పాఠకుడు తగ్గించుకొనవలసినంత తగ్గించుకొనుటకు వీలు కల్పించిరి. వర్ణాచారములను గూర్చియు, దైవతత్త్వమును గూర్చియు నడుమ నడుమ సాగించిన చర్చలు మాత్రము మాకు అంతగా రుచింపవు. ఆ పుటలలో దారి నిలిచిపోవును.

ఇక పల్లకి. వీరాస్వామయ్యగారు ప్రయాణము చేసినది బోయీల భుజములమీద. అయినను దారిలో ఎచ్చట రేగడ, ఎచ్చట ఇసుక, ఎచ్చట రాతినేల యని వ్రాయుటలో వారికి గల శ్రద్ధ పాదచారులకు తగినది. పల్లకిలో కూర్చున్నవానికి నేల గుణము ఎట్లు తెలిసినది? కొంత కంటితో చూచియుందురు. కొంత, బోయీల నడక మందగించుటవలన, కుదుపువలన, వారి ఫిర్యాదులవలన తెలిసియుండునని మా ఊహ. రేగడనేల తడిసినప్పుడు దాని బరువు తెలిసినది వారి పాదములకే. ఈ గ్రంథమున దారిని గూర్చిన జ్ఞానము అధికభాగము వారిదని మేమందుము. వారు ఇందు సమూహముగా కనిపింతురు గాని తమ నోట తాము పలుకరు. గ్రంథకర్త దయాళువు, అన్నదాత. దీనిని క్రూరత యనుట న్యాయము కాదు. కాలధర్మమని తోసిపుచ్చుటయు విమర్శ కాదు. ఎంత సత్యసంధుడైనను, తన్ను మోయువానిని చూచుట కష్టము. పల్లకిలోనివానికి ముందుబోయీల వీపులే కనిపించును.

దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో ఈ గ్రంథమును మరల ప్రకటించిన పిమ్మట ఇది విద్యార్థులకు సులభమైనది. అందు నేలను, ఏళ్ళను, కనుమలను గూర్చిన మాటలను మజిలీ మజిలీకి ఏరి, ఆ మజిలీల నడుమ గల దూరములతోను, పట్టిన కాలముతోను సరిపోల్చినచో, పల్లకి ఎచ్చట వేగముగా సాగినదో, ఎచ్చట ఆగి ఆగి నడచినదో పట్టిక యగును. శ్రమతో కూడిన పనియే గాని, పరిశోధకుడెవడైన చేపట్టదగినది. కర్నూలుకును హైదరాబాదునకును నడుమ గల మజిలీలతో మొదలుపెట్టవచ్చును.