కప్పు లేస్తే ఇల్లు, దిగితే బండి

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 22 మంది విద్యార్థులు కలిసి 2021లో ఒక బండి కట్టారు. పేరు స్టెల్లా వీటా. అందులో పడక ఉంది, సోఫా ఉంది, వంటగట్టు ఉంది, షవరూ మరుగుదొడ్డీ కూడా ఉన్నాయి. పెట్రోలు, డీజిలు పోసే చోటు మాత్రం లేదు. బండి నడవడానికీ లోపల కాపురం సాగడానికీ కావలసిన కరెంటు దాని నెత్తిమీది సోలార్ పలకల నుంచే రావాలని వాళ్ల పట్టుదల. ఆ ఏడాది సెప్టెంబరులో ఐండ్‌హోవెన్‌లో బయల్దేరిన బండి ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్‌లోకి దిగి, అక్టోబరు నడిమికల్లా ఆ దేశపు దక్షిణపు కొసన ఉన్న తరీఫా చేరింది. అక్కడినుంచి జలసంధి దాటితే ఆఫ్రికాయే.

కప్పుమీద సోలార్ పలకలున్న కారవాన్లు ఐరోపాలో, ఆస్ట్రేలియాలో ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. వాటిలో ఆ పలకలు దీపాలకీ ఫ్రిజ్‌కీ ఫోన్లకీ సరిపోతాయి, చక్రం తిప్పే పని డీజిలుది. ఇంటి ఖర్చూ దారి ఖర్చూ రెండూ ఒకే కప్పు భరించాలనడం చాలా పెద్ద కోరిక. ఎంత పెద్దదో అంకెల్లో చూస్తేనే ఆ పిల్లల పనితనం విలువ తెలుస్తుంది.

మనకు అలవాటైన కరెంటు బిల్లు యూనిట్లలోనే లెక్క వేద్దాం. ఈ బండి బ్యాటరీలో 60 యూనిట్లు పడతాయి. అది నిండా ఉంటే, అసలు ఎండే లేకపోయినా 600 కిలోమీటర్లు నడుస్తుందని చేసినవాళ్ల మాట. అంటే కిలోమీటరుకు యూనిట్‌లో పదో వంతు. ఎండ బాగా కాసే రోజున అదే బండి 730 కిలోమీటర్లు పోతుందట. పైన వచ్చిన ఆ 130 కిలోమీటర్లు దారిలో పట్టిన ఎండవి, 13 యూనిట్లన్నమాట. నడిచేటప్పుడు ఎండకు ఎదురుగా ఉండే పలకలు 8.8 చదరపు మీటర్లు. నిండు ఎండ చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్లు ఇస్తుంది. మంచి సిలికాన్ పలక అందులో ఐదో వంతుకంటే కాస్త ఎక్కువను కరెంటుగా మారుస్తుంది. కాబట్టి మొత్తం కప్పు బలం 2 కిలోవాట్లకు కొంచెం తక్కువ. మబ్బులేని వేసవి పగలంతా కలిపితే ఆరేడు గంటల నిండు ఎండకు సమానమవుతుంది. గుణిస్తే వచ్చేది ఇంచుమించు ఆ 13 యూనిట్లే. ఇది నేను ముతకగా వేసుకున్న లెక్క. అయినా చెప్పిన దూరం ఇలా విడిగా కూడా పొసగడం చూసి నాకీ బండి మీద నమ్మకం కుదిరింది.

రెండు కిలోవాట్లు! మన పొలాల్లో 3 హెచ్‌పీ బోరు మోటారు తిరగడానికైనా చాలని బలం అది. దాన్ని పట్టుకుని ఒక ఇంటిని ఫ్రాన్స్ దాటించాలి. పలకలు పెంచుదామంటే కప్పు అంతకు మించి లేదు. ఇక దారి ఒక్కటే: ఖర్చు తగ్గించాలి. ఈ బండిలో ప్రతి గీతా అక్కడినుంచే పుట్టింది.

మొదట బరువు. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుతో నడపగల బండ్ల బరువు హద్దు 3,500 కిలోలు; చాలా కాంపర్ బండ్లు ఆ హద్దును ఆనుకునే ఉంటాయి. స్టెల్లా వీటా 1,700 కిలోలు. ఇంత సామాను పెట్టుకుని ఆ అంకె సాధించాలంటే ప్రతి అలమార తలుపునూ, ప్రతి మేకునూ తూకం వేసి ఒప్పుకోవాలి.

తరువాత గాలి. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 120 కిలోమీటర్ల వేగం నుంచి 90కి తగ్గితే ఆ అడ్డు దాదాపు సగమవుతుంది. ఈ బండి గరిష్ఠ వేగం 120. గాలికి ఎదురయ్యే ముఖం ఎంత పెద్దదన్నది ఆపై లెక్క. కారవాన్లకు తరతరాలుగా వస్తున్న చిక్కు ఇక్కడే ఉంది. లోపల మనిషి నిలబడాలి, కాబట్టి ఎత్తు కావాలి. ఎత్తు పెంచితే బండి ఒక గోడలా గాలిని నెట్టుకుంటూ పోవాలి. చాలా మంది తయారీదారులు ఆ గోడను ఒప్పేసుకుని, అందుకు తగ్గ పెద్ద ఇంజను పెడతారు.

ఈ విద్యార్థులు కప్పును కదిలించారు. నడిచేటప్పుడు అది కిందికి దిగి, బండి నీటిబొట్టు ఆకారంలో తోకవైపు సన్నబడి ఉంటుంది. ఆగినప్పుడు కప్పు పైకి లేస్తుంది, లోపల నిటారుగా నిలబడి తిరగవచ్చు. లేచిన కప్పు పక్కలనుంచి దాగి ఉన్న పలకలు రెక్కల్లా బయటికి వస్తాయి. 8.8 చదరపు మీటర్లు కాస్తా 17.5 అవుతాయి. నేను మళ్లీ మళ్లీ చూసే చోటు ఇది. గది ఎత్తు పెరగడం, గాలి ముఖం తగ్గడం, పలకలు రెట్టింపు కావడం: మూడు వేర్వేరు అవసరాలను ఒక్క కదలికలో తీర్చారు. పైగా ఆ కదలిక సరిగ్గా వేళకు జరుగుతుంది. ఎండ ఎక్కువ కావలసింది ఆగినప్పుడు, అప్పుడు గాలితో పనిలేదు. గాలికి తలవంచాల్సింది నడిచేటప్పుడు, అప్పుడు ఎవరూ లోపల నిలబడరు. ఒకదానితో ఒకటి పోట్లాడే కోరికలకు చెరో వేళ కేటాయించారు.

చెప్పినంత తేలిక కాదు అది. కదిలే కప్పులో ప్రతి కీలూ అదనపు బరువే, ప్రతి సందూ వాన దిగే దారే. పలకల నుంచి వచ్చే తీగలు రోజూ మడతపడుతూ విప్పుకుంటూ ఉన్నా తెగకూడదు. ఇవన్నీ గెలిచాకే రెక్కలు చాపిన బండిని ఎండలో వదిలితే ఖాళీ బ్యాటరీ రెండు మూడు రోజుల్లో నిండుతుంది. ప్రయాణపు నడక కూడా దాన్నిబట్టే మారుతుంది: దూరం పోయిన చోట రెండు రోజులు ఉండాలి. కారవాన్ కట్టుకునేవాళ్లు కోరుకునేదీ అదే కదా.

లోపల ఒక తెర ఉంటుంది. ఎంత కరెంటు వచ్చింది, స్నానానికెంత, టీవీకెంత, కాఫీకెంత, నడకకెంత అన్నది అందులో కనబడుతుంది. ఇది పైపై అలంకారం అనుకుంటే పొరపాటు. లీటరు నీళ్లు మరిగించడానికి ఇంచుమించు యూనిట్‌లో పదో వంతు కావాలి. ఈ బండికి అది ఒక కిలోమీటరు. 20 లీటర్ల చన్నీళ్లను స్నానానికి సరిపడా వెచ్చబెడితే ఆరు కిలోమీటర్లు. రెండు కిలోవాట్ల పొయ్యిమీద అరగంట వంట పది కిలోమీటర్లు. ఎల్‌ఈడీ దీపాలు రాత్రంతా వెలిగినా లెక్కలోకి రావు. తీగలకు అందనంత దూరంగా బతకాలనుకునే ఎవరికైనా మొదట తెలియాల్సింది ఇదే: వేడి చేసే ప్రతి పనీ ఖరీదైనది, వెలుగూ మాటా చవక. స్విచ్చు వేయకముందే ఆ ధర కళ్లకు కట్టడం పలకలు బిగించడమంత ముఖ్యమైన పని. దాన్ని బండి నిర్మాణంలో భాగంగా చూసిన ఆ పిల్లల బుద్ధికి నేను మొక్కుతాను.

వాళ్లు ఎంచుకున్న కాలం మరీ సులువైనదేమీ కాదు. సెప్టెంబరు చివర మధ్యాహ్నం ఐండ్‌హోవెన్ ఆకాశంలో సూర్యుడు 39 డిగ్రీల ఎత్తు కూడా ఎక్కడు. దాదాపు అడ్డంగా పరిచిన పలకమీద ఆ ఎండలో మూడింట రెండు వంతుల కన్నా తక్కువే పడుతుంది. దక్షిణానికి పోయేకొద్దీ సూర్యుడు పైకి వస్తాడు. కానీ రోజులు గడిచేకొద్దీ శరత్కాలం ఆయన్ని కిందికి లాగుతుంది. ఈ రెంటి మధ్య సాగింది ఆ నెల ప్రయాణం. అదే డిసెంబరయితే ఐండ్‌హోవెన్‌లో పగలు 8 గంటలు కూడా ఉండదు. అక్కడ చలికాలమంతా కప్పునే నమ్ముకుని కాపురం చేయడం ఈ బండికి కూడా సాధ్యమని నేననుకోను.

ఈ బృందానికి ముందునుంచీ పేరుంది. వీళ్ల ముందు తరాల విద్యార్థులు కట్టిన స్టెల్లా, స్టెల్లా లక్స్, స్టెల్లా వీ, స్టెల్లా ఎరా కార్లు 2013 నుంచి 2019 దాకా ఆస్ట్రేలియా సోలార్ పోటీలో క్రూయిజర్ తరగతిని వరుసగా నాలుగుసార్లు గెలిచాయి. ఆ తరగతి బండికి గీటురాయి పొదుపూ, రోజువారీ వాడకానికి అనువూ. అయినా అందులో ఎవరూ స్నానం చేయరు. వీటాతో ఆ విద్య ఇంట్లోకి వచ్చింది. ఆ తరువాత జట్టు 2023లో స్టెల్లా టెర్రాను కట్టింది. అది 1,200 కిలోల బండి, రాళ్ల దారుల కోసం చేసింది. మొరాకో ఉత్తర తీరం నుంచి సహారా దాకా ఎండమీదే నడిచింది. అందులో షవరు లేదు, లేచే కప్పు లేదు. వెనక్కి వాలే సీట్లే పడక. పలకల కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చే పెట్టెను మాత్రం వాళ్లే తయారు చేసుకున్నారు. వచ్చిన ఎండ కరెంటులో 97 శాతం దాంట్లోనుంచి పదిలంగా బ్యాటరీకి చేరింది.