పేరు చివర హెచ్

మందుల షాపు పెట్టిన కొత్తలో డాక్టరు చీటీ ఒక్కటే చదివేవాణ్ణి. ఇప్పుడు సంచీ అడుగుతాను. "ఇంట్లో వేసుకునేవన్నీ పట్టుకురామ్మా, ఖాళీ స్ట్రిప్పులైనా సరే" అంటే విసుక్కునేవాళ్ళున్నారు. పడతాను.

ఈ అలవాటు ఒక పెద్దావిడ వల్ల అబ్బింది. ఫిట్స్‌కి ఏళ్ళ తరబడి కార్బమజపిన్ వాడుతోంది. ఇంకో డాక్టరు కొత్తగా బీపీ బిళ్ళ రాశారు. పేరు చివర చిన్న 'హెచ్'. అంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉంది, ఉచ్చ ఎక్కువగా పోయించే మందు. చూసీ చూడనట్టు ఇచ్చేశాను.

మూడో వారం కొడుకు వచ్చాడు. "అమ్మ మత్తుగా పడుంటోందండీ. నిన్న ఫిట్స్ కూడా వచ్చాయి. డోసు చాలట్లేదేమో, ఇంకో బిళ్ళ వెయ్యమంటారా?"

అక్కడ ఒళ్ళు జలదరించింది. కార్బమజపిన్ ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. థయజైడ్ ఉప్పుని ఉచ్చలోకి తోసేస్తుంది. రెండూ జతకడితే రక్తంలో 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం జారిపోతుంది, పెద్దవాళ్ళలో మరీను. బాగా పడిపోయిన సోడియమే ఫిట్స్ తెప్పిస్తుంది. అప్పుడు ఆ ఫిట్స్ బిళ్ళే ఇంకోటి వేస్తే? పైగా బీపీ అని ఆవిడ ఉప్పు మానేసింది. వేడి చేసిందని కొడుకు చెంబులకి చెంబులు మంచినీళ్ళు తాగించాడు. అందరూ మంచే చేశారు.

"ఏదీ పెంచకు బాబూ, ఫిట్స్ బిళ్ళ ఆపనూ వద్దు. రెండు స్ట్రిప్పులూ పట్టుకుని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళు" అన్నాను. సోడియం 118 వచ్చింది.

ఉచ్చ మందులన్నీ ఒకే తీరు కాదు. ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడేవాళ్ళకి లాసిక్స్ అనే ఉచ్చ మందు అంతగా పట్టకపోవచ్చు, కాళ్ళ వాపు తగ్గలేదని వస్తారు. డయమాక్స్ అయితే ఉచ్చ మందే అయినా 1950ల నుంచి ఫిట్స్‌కీ వాడుతున్నారు. టోపిరమేట్ అనే ఫిట్స్ మందుతో కలిస్తే మాత్రం కిడ్నీలో రాళ్ళ భయం. అయినా నన్ను నిద్రపోనివ్వనిది ఆ హెచ్చే. ఫిట్స్ మందు వాడేవాళ్ళ సంచీలో అది కనిపిస్తే ఎర్ర పెన్నుతో చుట్టి, డాక్టరుకి ఫోను చేశాకే బిళ్ళ ఇస్తాను. ఆక్స్‌కార్బజెపిన్ వాడేవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త.

ఆవిడ ఇప్పటికీ వస్తుంది. బీపీకి వేరే బిళ్ళ మార్చారు. స్ట్రిప్పు చేతికివ్వగానే కళ్ళజోడు తగిలించుకుని, పేరు చివర ఏముందో చూసుకుని గానీ డబ్బులు తియ్యదు.