నీరు, నూనె, నాలుగు సిరాలు

దినపత్రికలో రంగుల పేజీ ఏదైనా తీసి అడుగు అంచు చూడండి. చాలా పత్రికల్లో అక్కడ నాలుగు చిన్న చుక్కలు వరసగా ఉంటాయి. ఒకటి నీలం, ఒకటి గులాబీ, ఒకటి పసుపు, ఒకటి నలుపు. అవి పాఠకుల కోసం వేసినవి కావు, మెషిన్ దగ్గర నిలబడేవాళ్ల కోసం వేసినవి. పై పేజీలో నాయకుడి కండువా, హీరోయిన్ చీర, నగల దుకాణం ప్రకటన అన్నీ ఆ నాలుగు సిరాలతో పుట్టినవే. ఐదో సిరా లేదు.

భూతద్దం పెడితే గుట్టు బయటపడుతుంది. ఆకుపచ్చగా కనిపించే చోట ఆకుపచ్చ సిరా ఉండదు. నీలం చుక్కలు, పసుపు చుక్కలు కొన్ని పక్కపక్కన, కొన్ని ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటిని కలిపేది మన కన్ను. రంగు లేతగా కావాలంటే సిరాను పలచన చేయరు, చుక్కను చిన్నది చేస్తారు. తెలుపు సిరా అసలు లేదు, అది కాగితం ఇచ్చేదే. ప్రెస్సులో ఈ పద్ధతిని సీఎంవైకే అంటారు: సయాన్ నీలం, మెజెంటా గులాబీ, పసుపు, నలుపు. శుభలేఖ మీద కుంకుమ రంగు కావాలంటే మెజెంటా నూరు శాతం, పసుపు నూరు శాతం. అదే పసుపు రంగు కావాలంటే ఒక్క పసుపు సిరా చాలదు. దానిలో నిమ్మకాయ ఛాయ ఉంటుంది, కొద్దిగా మెజెంటా తోడైతే గానీ గడప మీది పసుపు కాదు.

మొదటి మూడూ నిండుగా కలిస్తే లెక్క ప్రకారం నలుపు రావాలి. రాదు, మురికి గోధుమ రంగు వస్తుంది. సిరాలో వాడే రంగు పొడులు లెక్కల్లో ఉన్నంత స్వచ్ఛంగా ఉండవు. అందుకే నలుపును విడిగా వేస్తారు. నీడలకు లోతు, అక్షరాలకు పదును దాని పుణ్యమే.

ఈ నాలుగు చుక్కల వరసలు ఒకే కోణంలో ఉంటే అలల్లాంటి మచ్చలు తేలతాయి. అందుకని సాధారణంగా నలుపును 45 డిగ్రీల్లో, సయాన్‌ను 15లో, మెజెంటాను 75లో తిప్పి పెడతారు. పసుపును సున్నాలోనో 90లోనో వదిలేస్తారు. కంటికి అంతగా ఆనదు గనక దాని తప్పు బయటపడదు. ఇంత జాగ్రత్త పడ్డా సన్నటి గళ్ల చీర ఫొటో వస్తే మాత్రం ప్రెస్సువాళ్లకు గుబులే. నేతలోని గళ్లూ అచ్చులోని చుక్కల వరసలూ పోటీపడి, చీరలో లేని చారలు కాగితం మీద పుట్టుకొస్తాయి.

ఈ చుక్కలు కాగితం ఎక్కే దారి ఇంకా విచిత్రం. పాత ట్రెడిల్ ప్రెస్సులో సీసపు అక్షరం ఎత్తుగా ఉండేది. ఎత్తుకు సిరా అంటేది, పల్లానికి అంటేది కాదు. ఆఫ్‌సెట్ ప్లేటులో ఎత్తుపల్లాలు లేవు. పలచటి అల్యూమినియం రేకు అది, చేత్తో తడిమితే అక్షరం ఎక్కడుందో తెలియదు. బొమ్మ ఉన్న చోటు జిడ్డును పట్టుకుంటుంది, ఖాళీ చోటు తడిని పట్టుకుంటుంది. సిరా నూనెతో చేసింది గనక తడి మీద నిలవదు. ఇంత పెద్ద పరిశ్రమ నీటికీ నూనెకూ పడకపోవడం మీద నడుస్తోంది.

ఈ కిటుకు పట్టింది బవేరియాకు చెందిన అలోయిస్ సెనెఫెల్డర్. నాటకాలు రాసేవాడు. వాటిని చవకగా అచ్చు వేసుకునే దారి వెతుక్కుంటూ 1790ల చివర్లో సున్నపురాతి పలక మీద జిడ్డు సిరాతో రాసి అచ్చు తీశాడు. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు లక్ష్మీ సరస్వతుల పటాలను ఇంటింటి గోడకూ చేర్చింది ఈ రాతి అచ్చుతోనే. అక్కడ ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఆ తర్వాత 1904 ప్రాంతంలో అమెరికాలోని న్యూజెర్సీలో ఐరా రూబెల్ అనే ముద్రకుడు ఒక సంగతి గమనించాడు. కాగితం పెట్టడం తప్పినప్పుడల్లా బొమ్మ కింది రబ్బరు సిలిండరుకు అంటుకునేది. తర్వాతి కాగితం వెనుక వైపున ఆ రబ్బరు నుంచి పడిన బొమ్మ, రాయి నుంచి నేరుగా పడినదానికన్నా పదునుగా ఉంది. రబ్బరు మెత్తన, కాగితపు గరుకులోకి ఒదుగుతుంది. ప్లేటు నుంచి రబ్బరు బ్లాంకెట్‌కు, బ్లాంకెట్ నుంచి కాగితానికి. ఆఫ్‌సెట్ అంటే ఇదే. రేకు డబ్బాల అచ్చులో ఇంగ్లండు వాళ్లు ఈ పని అంతకుముందే చేశారు. కాగితానికి తెచ్చిన పేరు రూబెల్‌కు దక్కింది.

అసలు పనితనం ప్లేటుకు పట్టించే నీటి దగ్గరే ఉంది. నీరు ఎక్కువైతే రంగు పాలిపోతుంది. తక్కువైతే ఖాళీగా ఉండాల్సిన చోట సిరా పొర కమ్ముతుంది. గంటకు వేల షీట్లు పరుగెత్తుతుంటే ఆపరేటర్ మధ్యమధ్యలో ఒకటి లాగి, అంచున ఉన్న రంగుల పట్టీ చూసి, ఏ వైపు సిరా తగ్గించాలో, ఎంత తడి పెంచాలో తేల్చుకుంటాడు. ఇప్పుడు సిరా సాంద్రతను కొలిచే పరికరాలు వచ్చాయి, మంచిదే. కానీ వానాకాలం తేమకు కాగితం వెంట్రుకవాసి సాగి, రెండోసారి మెషిన్ ఎక్కేసరికి రిజిస్టరు, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరడం, తప్పుతుందని ముందే పసిగట్టేది ఆ మనిషే. మన పుస్తకాల్లో చిత్రకారుడి పేరుంటుంది, డీటీపీ చేసినవారి పేరూ ఉంటుంది. మెషిన్ నడిపినవాడి పేరు వేసిన పుస్తకాలు బహు అరుదు. ఇది నాకు న్యాయంగా తోచదు.

కాగితం సంగతీ చెప్పాలి. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చేస్తుంది, చుక్క ఉబ్బుతుంది. అందుకే దినపత్రికల్లో అంగుళానికి వంద వరసలు దాటడం తక్కువ. ఆర్ట్ పేపరు మీద 150, 175 కూడా నిలుస్తాయి. పత్రిక సిరా పూర్తిగా ఆరదు, కాగితంలోకి ఇంకుతుందంతే. చదివాక వేళ్లు నల్లబడేది అందుకే.

తెలుగు అక్షరానికి ఈ చుక్క ఉబ్బడంతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. గుండ్రటి అక్షరం, లోపల చిన్న చిన్న ఖాళీలు, పైన గుడి, కింద ఒత్తు, దాని కింద మరో ఒత్తు. చుక్క ఉబ్బితే ముందు పూడుకుపోయేది ఈ ఖాళీలే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న వంపులో ఉంటుంది, అది పూడితే మాటే మారుతుంది. చిన్న అక్షరాలను రెండు మూడు సిరాల మిశ్రమంతో వేయించడం ఇంకా ప్రమాదం. రిజిస్టరు రవ్వంత తప్పినా ప్రతి ఒత్తుకూ రంగు నీడ పుడుతుంది. ముదురు రంగు మీద తెల్లటి సన్నక్షరాలతో శ్లోకం వేయించే శుభలేఖలు ఎన్నో చూస్తుంటాం. నాలుగు సిరాలూ నాలుగు వైపుల నుంచి ఆ తెలుపులోకి చొరబడి, చివరికి అది చదవడానికి పనికిరాదు. చదవాల్సిన మాటలకు ఒక్క నలుపు సిరాయే శ్రేష్ఠం.

నాలుగు సిరాలకు లొంగని రంగులూ ఉన్నాయి. మెరిసే నారింజ, చిలకపచ్చ, సెల్‌ఫోన్ తెరలో కనిపించే నీలం. తెర వెలుగుతో రంగు చేస్తుంది, కాగితం తన మీద పడిన వెలుగులో కొంత మింగి మిగిలింది తిరిగిస్తుంది. రెండూ ఒకటి కావడం కుదరని పని. బంగారు రంగు అసలే రాదు. దానికి రాగి, జింకు పొడి కలిసిన సిరా కావాలి, లేదా వేడి అచ్చుతో ఫాయిల్ అద్దాలి. కంపెనీ గుర్తులాంటి వాటికి అదే రంగు ప్రతిసారీ రావాలంటే సిరానే ముందుగా కలిపి విడి ప్లేటుతో వేస్తారు. ప్రెస్సులో దాన్ని స్పెషల్ కలర్ అంటారు. ఇలా కలపడానికి అందరికీ ఒకే కొలత ఇచ్చింది అమెరికాలోని పాంటోన్ కంపెనీ, 1963లో. ప్రతి రంగుకూ ఒక అంకె, ఆ అంకెకు సిరాల పాళ్లు. నున్నటి కాగితానికి ఒక నమూనా, మామూలు కాగితానికి ఒకటి, ఎందుకంటే ఒకే సిరా రెండింటి మీదా రెండు రకాలుగా కనిపిస్తుంది. నాలుగు రంగుల మెషిన్‌లో ఐదో రంగంటే కాగితం మళ్లీ మెషిన్ ఎక్కాలి, ఖర్చు పెరుగుతుంది. గుర్తు రంగు మీద వ్యాపారం ఆధారపడినవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు.

ఎండలో పడివున్న సినిమా పోస్టరు కొన్నాళ్లకు నీలంగా మారడం గమనించారా? పసుపు, మెజెంటా సిరాల్లో మామూలుగా వాడే పొడులు ఎండకు త్వరగా వెలుస్తాయి. సయాన్‌లోని థాలోసయనిన్, నలుపులోని మసి గట్టివి, అవే మిగులుతాయి.

అచ్చు పద్ధతి ఆఫ్‌సెట్ ఒక్కటే కాదు. బిస్కెట్ ప్యాకెట్లకు గ్రావ్యూర్, సంచులకూ కొన్ని శుభలేఖలకూ స్క్రీన్ ప్రింటింగ్, కూడలిలో ఫ్లెక్సీకి ఇంక్‌జెట్. దేని పని దానిది. వంద కాపీల కవితా సంపుటికి ప్లేట్లు చేయించడం దండగ, డిజిటల్ చాలు. వేలల్లో అయితే ఆఫ్‌సెట్‌ను మించింది లేదు.

1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామకు వడ్డాది పాపయ్య గీసిన ముఖచిత్రాలు ఊరూరా పిల్లల చేతికి చేరింది అచ్చు వల్లే. వాటిని ముద్రించిన ప్రసాద్ ప్రాసెస్ పేరు పాత సంచికల్లో చిన్నక్షరాల్లో కనిపిస్తుంది. హైదరాబాదులో పరుచూరి హనుమంతరావు 1962లో పెట్టిన ప్రగతి ప్రెస్సు తర్వాత అంతర్జాతీయ ముద్రణ బహుమతులు తెచ్చుకుంది. ఈ పనితనం మన దగ్గర లేనిది కాదు.

మీరు పుస్తకమో శుభలేఖో వేయించేటప్పుడు ఫోన్‌లో వచ్చిన బొమ్మ చూసి సరేననకండి. అచ్చయ్యే కాగితం మీదే ప్రూఫు అడగండి, దాన్ని ట్యూబ్‌లైటు కింద కాక పగటి వెలుగులో చూడండి, ఒత్తులు పూడాయేమో వెతకండి, నచ్చాక సంతకం పెట్టండి. పెళ్లి పది రోజుల్లో ఉందనగా ప్రెస్సుకు వెళ్లకండి. సిరా ఆరడానికీ కాస్త సమయం కావాలి.