చేప కింద గురి

దూరపు వేటకు రైఫిల్ స్కోపు ఎంచుకునేవాళ్లు ముందుగా అద్దంలోని గీతల గురించే తర్జనభర్జన పడతారు. వంద మీటర్ల దూరాన ఆ గీతల కొలతలో ఒక మిల్ అంటే 10 సెంటీమీటర్లు. తూటా ఎంత జారుతుందో లెక్కగట్టి అంత పైకి గురిపెట్టాలి. అండమాన్ దీవుల్లోని జారవా తెగవాళ్ల విల్లుకు గీతల్లేవు. లెక్క మాత్రం ఉంది, అదీ తలకిందులుగా.

తీరపు లోతులేని నీళ్లలో చేప కనిపించిన చోట ఉండదు. నీటిలోంచి బయటికొచ్చే వెలుతురు వంగుతుంది గనక, 4 అడుగుల లోతున ఉన్న చేప నిలువునా చూసినా 3 అడుగుల్లోనే ఉన్నట్టు తోస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి. అందుకే బాణం చేప కిందికి వదలాలి. ఎంత కిందికన్నది ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. పైగా అండమానీయుల బాణాలకు దారి తప్పకుండా నిలిపే ఈకలు కూడా ఉండవు.

నాకు మరీ గొప్పగా తోచేది అక్కడి మరో జనం గ్రేట్ అండమానీయుల పంది బాణం. 1922 నాటి తన పుస్తకంలో మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వీళ్ల ఆయుధాలను వివరంగా రాశాడు. తగలగానే ఇనుప ములికి కాడ నుంచి ఊడుతుంది, కానీ తాడు రెంటినీ కలిపే ఉంచుతుంది. పంది పరుగెడితే వెంట ఈడ్చుకుపోయే కాడ పొదల్లో చిక్కుకుని దాన్ని నిలిపేస్తుంది. తగిలాక జరగాల్సింది కూడా ముందే ఆలోచించిన పనితనమిది!

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం నుంచి బారాటాంగ్ వెళ్లే దారి జారవాల అడవిలోంచే పోతుంది. ఆ దారిన వెళ్తే బండి ఆపకండి, ఫొటోలు తీయకండి.