కాహళము, బూర, కొమ్ము: తెలుగు బైబిలులో ఒక పదవిచారణ

పెందుర్తి పరిసరాలలో నేడు ‘బూర’ అంటే పిల్లలు గాలి నింపి ఆడుకునే బుడగ, లేదా తీర్థంలో కొనుక్కునే ఊదుడు బొమ్మ. ఆ పిల్లలకు ‘కడబూర’ను (1 కొరింథీ. 15:52) గూర్చి బోధించేటప్పుడు ఈ పదం సరిపోతుందా అన్న ప్రశ్న మాకు కలిగింది. ‘కాహళము’ అనే ఘనమైన పాత పదం ఉండగా అనువాదకులు దానిని విడిచిపెట్టుట లోపమా?

సంస్కృత నిఘంటువులలో ‘కాహల’ శబ్దానికి అస్పష్టమైన పలుకు, పెద్ద ఢక్క, ఊదు వాద్యం అనే అర్థాలు కనిపిస్తాయి. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం ఈ వాద్యాన్ని స్పష్టంగా వర్ణించింది: రాగి, వెండి లేక బంగారంతో చేసినది, మూడు మూరల పొడవు, ఉమ్మెత్తపువ్వు వంటి ముఖం, వీరుల బిరుదులను చాటేది. పెందుర్తికి చేరువనున్న సింహాచల క్షేత్రాన్ని పోషించిన గాంగవంశమే 12వ శతాబ్దిలో పూరీ జగన్నాథాలయాన్ని కట్టించింది. అక్కడ ‘కాహాళియా’ సేవకులకు ఆ పేరు ఈ వాద్యం వలననే వచ్చింది. కాబట్టి ఇది ఆస్థానానికి, ఆలయానికి చెందిన మాట.

హీబ్రూలో వాద్యాలు రెండు. షోఫార్ జంతువు కొమ్ము. హట్సోట్సెరా వెండితో చేసినది (సంఖ్యా. 10:2), అది మూరకు కొంచెం తక్కువ పొడవుండి, గంటవలె విచ్చుకొనేదని జోసీఫస్ వ్రాశాడు. రూపంలో ఇది కాహళానికి దగ్గర. అయితే తెలుగు బైబిలులో మోషే చేయించిన వెండి వాద్యమూ ‘బూర’యే, గిద్యోను చేతనిచ్చిన షోఫారూ (న్యాయా. 7:16) ‘బూర’యే. రెండూ ఒకేచోట వచ్చిన కీర్తన 98:6లో మాత్రం బూరలు, కొమ్ములు వేరుచేయబడ్డాయి. అనగా లోపం భాషలో లేదు, ప్రయోగంలో ఉన్నది.

మలయాళ బైబిలు ‘కాహళం’ అన్నది, తమిళం ‘ఎక్కాళం’, కన్నడం ‘తుతూరి’ అన్నాయి. కాని మలయాళంలోనూ షోఫార్ కాహళమే అయింది. పదం ఘనమైనంత మాత్రాన అర్థం స్పష్టం కాదు. పైగా, కాహళం రాజబిరుదులను చాటేది. మోషే బూరలు సమాజాన్ని కూర్చేవి. అన్నిచోట్లా కాహళమని వ్రాస్తే, జాతరలలో కొమ్ము ఊదిన దళిత కుటుంబాల సంతతి ఉన్న మన సంఘాలలో వారి వాద్యం పేరు లేఖనంలో నిలువకుండా పోతుంది.

కావున షోఫార్‌కు కొమ్ము, వెండి వాద్యానికి కాహళము తగునని మా అభిప్రాయం. గ్రీకు ‘సల్పింక్స్’ ఈ రెంటి భేదాన్ని చూపదు గనుక ‘కడబూర’ను మార్చనవసరం లేదు. సమాధుల యొద్ద ఆ మాటతోనే మనవారు ఆదరణ పొందారు. బుడగకూ దానికీ గల తేడాను విడమరచి చెప్పుట బోధకుని పని. స్పష్టత లేని ధ్వని విని ఎవరూ యుద్ధానికి సిద్ధపడరని పౌలు హెచ్చరిక (1 కొరింథీ. 14:8), అది అనువాదకులకూ వర్తిస్తుంది.