మక్బూల్ చెప్పని కథ

మాది నాయుడుపేట. 1948లో నిజాం రాజ్యం కూలేనాటికి మా ఊరు మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లాలో ఉంది. నిజాం ఎవరికి దొర అయినా మా తాతలకు కాదు. అయినా తెలంగాణ పోరాటం మాటొస్తే రజాకార్ల లెక్క మేమే అప్పజెప్పాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం గనక నిజాం మనుషులమైపోతాం.

అలా అనేవాళ్ల ముందు ఒక నవల పెడుతున్నాం. కిషన్‌చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951లో విరమించారు. మరుసటేడే ఈ నవల వచ్చింది. దీని ఆధారంగా గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. రాసినవాడు పంజాబీ హిందువు. భాష మేం ఇంట్లో మాట్లాడేది. కథ తెలుగు వెట్టివాడిది. నిజాం మీద ఆయుధం పట్టమని 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి పిలుపిచ్చిన మఖ్దూం కవిత్వం రాసిందీ ఉర్దూలోనే. ఉర్దూని నిజాం ఒక్కడికే రాసిచ్చేస్తే వీళ్లంతా ఏమవుతారు?

నవలలో రాఘవరావుకి తెల్లారితే ఉరి. ఆ రాత్రి జైల్లో తన బతుకంతా తలుచుకుంటాడు. వెట్టిచేసిన తండ్రి వీరయ్య, ప్రేమించిన చంద్రి, పట్నంలో కళ్లు తెరిపించిన మక్బూల్. ముస్లిం అనగానే రజాకారో, దొర కొలువులో జులుం చేసే జమేదారో గుర్తొచ్చే పాఠకుడికి మక్బూల్ పెద్ద జవాబు. అందుకు కిషన్‌చందర్‌కి మా షుక్రియా.

మా పేచీ కూడా మక్బూల్‌తోనే మొదలవుతుంది. జ్ఞాపకాలు రాఘవరావువి. అతనికి గుర్తున్నంత మేరకే మక్బూల్ మనకు కనిపిస్తాడు. తన బతుకు తాను చెప్పుకునే రాత్రి అతనికి లేదు. కామ్రేడ్ అయ్యాకే సాయిబుని మనిషిగా లెక్కేసే అలవాటు ఒకటుంది. చదువు చెప్పని, సంఘం పెట్టని మామూలు సాయిబు మాటేమిటి?

అలాంటివాడు చరిత్రలో ఉన్నాడు. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. తన భూమి కోసం కోర్టుకెక్కి, విసునూరు దేశముఖ్‌ని ఎదిరించి, 1940లో ఆ దొర గూండాల చేతిలో చచ్చిపోయాడు. మక్బూల్ పల్లెకి రాజకీయం అందించాడు. బందగీ ఆ మట్టిలోనే పుట్టి, ఆ మట్టి నాదని నిలబడ్డాడు. అతని ఇల్లూ, నమాజూ, అతను పోయాక ఇంటి ఆడవాళ్ల బతుకూ లోపలినుంచి చెప్పే నవల కావాలి. ఉర్దూలో రాసినా తెలుగులో రాసినా సరే. అది మేం రాసుకోవాల్సిన బాకీ.