మూడో కార్శి

మార్చి నెలాఖరు లెక్కలు ముగిసిన మర్నాడు ఫోన్ మోగితే ఎత్తడానికి చెయ్యి రాలేదు. చేసింది ఆఫీసువాళ్లు కూడా కాదు, మా అమ్మ. నిజామాబాద్‌లో డాక్టరు బీపీ చూశాడు, షుగర్ చూశాడు (చక్కెరకు పేరుపడ్డ బోధన్ పక్కన బతికేవాణ్ని షుగర్ అడగని డాక్టరుంటాడా!), అంతా బాగానే ఉందన్నాడు. పది రోజులు సెలవు పెట్టి, ఇంట్లో ఫోన్ చూస్తూ పడుకున్నాను. తిరిగెళ్లిన రెండో రోజుకే అదే నీరసం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనిచోట ఎడతెగని ఒత్తిడితో వచ్చే స్థితిగా రాసుకుంది. నాకు తలకెక్కేలా చెప్పింది మాత్రం ఎడపల్లి దగ్గర ఒక చెరకు రైతు. కొట్టేసిన చెరకు మోళ్ల నుంచి పచ్చగా పిలకలు లేస్తున్న తోటను (కార్శి అంటే అదే) దున్నిస్తున్నాడు. ఎందుకు పెద్దయ్యా అంటే, "రెండు కార్శిలు తీసినం సార్. మూడోది మొలుస్తది గానీ గడల బరువుండది. భూమికి జర ఆరాం ఇయ్యాలె" అన్నాడు.

మా ఆఫీసు నా దగ్గర ఎన్నో కార్శి తీస్తోందో లెక్కేసుకున్నాను. పద్దెనిమిదోది.

తిరుగుదారిలో అలీసాగర్ చెరువు కట్ట ఎక్కాను. అప్పట్నుంచి వారానికి నాలుగు పొద్దులు, అరగంట చొప్పున, ఫోన్ బండి డిక్కీలో పెట్టి అక్కడే. మొదటి వారమంతా విసుగే, చెయ్యి ఊరికే జేబులోకి పోయేది. తర్వాత నీటికాకి మునిగితే ఎక్కడ తేలుతుందో నాలో నేనే పందెం కాయడం మొదలైంది. ఇప్పటికీ ఓడుతూనే ఉన్నాను. ఎండాకాలం నీరు దిగుతుంటే రాళ్ల మీద మిగిలే చారలు చూసి వారాలు లెక్కపెడతాను.

ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది వివరాలతో 2019లో ఒక అధ్యయనం వచ్చింది. వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్లలో ఆరోగ్యం బాగుందన్నవాళ్లు ఎక్కువట, ఒకేసారి గడిపినా విడతలుగా గడిపినా. అదే కారణమని అది తేల్చలేదు గానీ, నా నాలుగు అరగంటలు లెక్కకు సరిపోయాయి. ఏడాదికోసారి ఊటీ వెళ్లొచ్చే పద్ధతి మీద మాత్రం నాకు నమ్మకం పోయింది.

చెట్టూ చెరువూ అన్నీ తీర్చవు. 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి వీధిన పడ్డ కార్మికుడికి చెరువు చూపించి సేద తీరమంటే చెంప పగులుతుంది. ఆయనకు కావాల్సింది పని. పని ఎక్కువైన మనలాంటివాళ్ల సంగతే నేను చెబుతున్నది.

కట్ట మీద పొద్దున్నే చోటు దండిగా ఉంటుంది. ఫోన్ లేకుండా రండి.